ముహూర్తానికి వెళ్లిపోయిన కుర్చీ

యాత్రల ఆఫీసులో ముప్పై మూడేళ్లు పనిచేసి ఏం నేర్చుకున్నావు తాతా అని మనవలు అడిగితే, పరుపుచుట్ట గట్టిగా కట్టడం నేర్చుకున్నానని చెప్తాను. వాళ్లు నవ్వుతారు. అందులో అబద్ధమేమీ లేదు. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను, మనిషిని మోయడం. అది ఆఫీసు నేర్పింది కాదు, నా తెలివితక్కువతనం నేర్పింది. తెలివితక్కువ పనులు అందరూ చేస్తారు గానీ, నేను నోటుబుక్కు పెట్టుకుని, గీతలు కొట్టుకుని, ఎంతో పద్ధతిగా చేశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు అదైనా పనికొస్తుందని రాస్తున్నాను.

అరవయ్యో దశకం మొదలు. ధనుష్కోడిని ఇంకా సముద్రం మింగలేదు. అక్కడ రైలు దిగి, ఓడెక్కి, సింహళం పోయేవాళ్లు. మా ఆఫీసు పాలమూరు బస్టాండుకు ఎదురుగా రెండు గదుల్లో ఉండేది. మేం ముగ్గురం. యజమాని ఏ పనైనా పంచాంగం చూసి చేసేవాడు. పెద్ద గుమాస్తా ఏ పనైనా ఫైలు చూసి చేసేవాడు. నేను ఏదీ చూడకుండా చేసేవాణ్ని, ఎందుకంటే నాకు ఇరవై ఆరేళ్లు, అన్నీ నాకే తెలుసు. అప్పటిదాకా కాశీ, రామేశ్వరం తిప్పి తెచ్చిన యజమానికి ఉన్నట్టుండి సింహళం మీద మనసు పోయింది. ఎనిమిది మందితో మొదటి విదేశీ యాత్ర, దానికి మేనేజరుగా నన్ను పంపుతానన్నాడు. కోతికి కొబ్బరికాయ దొరికింది.

ఆ వారంలోనే పెద్ద దవాఖానలో నర్సుగా పనిచేసే ఒక అక్క, చక్రాల కుర్చీలో తన తండ్రిని తోసుకుంటూ మా ఆఫీసుకు వచ్చింది. వచ్చింది అంటే గుమ్మం దాకా వచ్చింది. గుమ్మానికి మూడు మెట్లున్నాయి. నేనే బయటికి వెళ్లి నిలబడ్డాను.

"గీయన మా బాపు. సింహళం పోవాల్నంటడు. తీస్కపోతరా?" అంది.

నేను ఆయన తల మీదుగా ఆమెను అడిగాను. "మాటలు సమజైతయా అక్కా? అన్నం సొంతంగ తింటడా?"

కింది నుంచి జవాబు వచ్చింది. "కాళ్లు పోయినయ్ సారూ, చెవులు పోలే. అన్నమంటవా, నీకన్న జర ఎక్కువనే తింట."

ఆయన మట్టిపని మేస్త్రీ. పాలమూరు మట్టిపనివాళ్లు తట్ట మోయని ఆనకట్ట ఈ దేశంలో ఎక్కడుందో నాకు తెలియదు. యాభై మందిని వెంటేసుకుని ఊరూరా చెరువు కట్టలు పోసినవాడు. నాలుగేళ్ల కింద హుజూర్‌నగర్ వైపు ఒక కట్ట మీద మట్టిబండి తిరగబడి నడుము మీద పడింది. అప్పటినుంచి ఆయన లోకం కూతురి క్వార్టరు, దాని ముందున్న వేపచెట్టు నీడ. కుర్చీ దవాఖానలో పాతబడిందని పక్కన పెట్టేసింది. సైకిల్ షాపువాడు దానికి చక్రాలు మార్చి, అందులో ఒకటి వంకరగా బిగించాడు.

"ఆడ ఏం చూస్తరు మేస్త్రీ? గుళ్లా?" అన్నాను.

"చెరువు."

నాకు నవ్వాగలేదు. "మన దిక్కు చెరువులకు కరువా? సముద్రం దాటి పోవాల్నా?"

ఆయనకు కోపం రాలేదు. "ఒక ఇంజినీరు సారు చెప్పిండు. ఆడ ఎన్కటి రాజులు పోపిచ్చిన కట్ట ఉన్నదట. వెయ్యేండ్ల కాంచి తెగలేదట. నేను పోసిన కట్టలు మూడు తెగినయ్. పొద్దుమాపు మంచంల పండి గదే సోంచాయిస్తున్న. అదెందుకు తెగలేదో నా కండ్లతోని చూడాలె."

కూతురు పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పింది. నాలుగేళ్లలో ఆయన అడిగింది ఇదొక్కటేనట. ఈ మధ్య తిండి కూడా తగ్గించాడట. నీకన్న ఎక్కువ తింటానన్నది నన్ను బెదిరించడానికి అన్నమాట. ఆమె సెలవులన్నీ కూడబెట్టుకుని ఉంది. ఈ యాత్ర జరగకపోతే మళ్లీ అన్ని సెలవులు దొరికేసరికి ఆయన ఉంటాడో లేదో అంది. నేను ఛాతీ మీద చెయ్యేసుకుని, నాది జిమ్మేదారి అన్నాను.

ఆ జిమ్మేదారి ఎట్లా మోశానో వినండి. దారిలో మేం ఆగే ప్రతి స్టేషనుకు, సత్రానికి, సింహళంలోని బసలకు జవాబు కార్డులు రాశాను. అన్నిటిలో ఒకటే ప్రశ్న: తమ దగ్గర మెట్లెన్ని? జవాబులు వచ్చినకొద్దీ నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. పెద్ద గుమాస్తా ముక్కు మీది కళ్లద్దాల పైనుంచి చూసి, "ఇది యాత్రనా, మెట్ల జనాభా లెక్కనా?" అనేవాడు. అయినా ఓడరేవు డాక్టరుకు మంచి ఇంగ్లీషులో ఉత్తరం రాసిపెట్టింది ఆయనే. ఈ ప్రయాణికుడు చక్రాల కుర్చీలోనే ఉంటాడు, ఎవరూ మోయనక్కర లేదు, అని నేను చెప్తే ఆయన రాశాడు. అంత దర్జాగా రాసినందుకు ఇద్దరం చాయ్ కూడా తాగాం.

పాస్‌పోర్టు విచారణకు ఒక పోలీసు జవాను వచ్చాడు. చేతిలో కాగితం, దాని మీద ప్రశ్నలు. అన్నీ అడిగి చివరికి, "పరారయ్యే ఆస్కారమున్నదా?" అన్నాడు. మేస్త్రీ కాసేపు ఆలోచించి, "ఉన్నది సారూ, ఎన్కనుంచి ఎవలన్న తోస్తె" అన్నాడు. జవాను అది రాయాలా వద్దా అని చాలాసేపు పెన్ను పట్టుకుని నిలబడ్డాడు.

ఇంతవరకు అంతా బాగానే ఉంది. ప్రయాణం గురువారం పడింది. యజమాని పంచాంగం తెరిచి గుండె పట్టుకున్నాడు. గురువారం దక్షిణానికి వారశూల, ఆ దిక్కుకు పోకూడదు. మేం పోయేది పూర్తిగా దక్షిణానికే. ఓడ తేదీ మారదు, పంచాంగం అసలే మారదు. దీనికి మనవాళ్లు ఎప్పుడో విరుగుడు కనిపెట్టారు, ప్రస్థానం పెట్టడం. మంచి ఘడియలో ప్రయాణికుడి వస్తువొకటి, గొడుగో పంచెనో, పోయే దిక్కున ఉన్న ఇంకొకరి ఇంట్లో పెట్టి వస్తే, మనిషి ఆ ఘడియలోనే బయల్దేరినట్టు లెక్క. తర్వాత ఏ వారం బయల్దేరినా దోషం లేదు. మంగళవారం పొద్దున మంచి ఘడియ దొరికింది. మిగతా యాత్రికులు తువ్వాలలు, గొడుగులు, చెంబులు తెచ్చిచ్చారు. మేస్త్రీది ఏం పెట్టాలనే మాట వచ్చింది.

అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. "పయనమంటె కాళ్ల పని. మేస్త్రీకి కాళ్లంటె కుర్చీనే గద! కుర్చీనే పెడదాం" అన్నాను.

యజమాని కుర్చీలోంచి లేచి నా భుజం తట్టాడు. పెద్ద గుమాస్తా కూడా తల ఊపాడు. నర్సక్క ఒక్కతే, "అది దవాఖాన సామాను, పూజ సామాను గాదు" అంది.

"మరి రెండు దినాలు నేనెట్లుండాలె?" అన్నాడు మేస్త్రీ.

"మంచంల పండుండ్రి. శాస్త్రం" అన్నాను.

"శాస్త్రం పండదు గద, నేను పండాలె" అన్నాడు గానీ, చెరువు మీది ఆశతో ఊరుకున్నాడు.

మా ఆఫీసుకు దక్షిణాన కర్నూలు రోడ్డు మీద నా దోస్తు ఒకడు లారీ పార్సిళ్ల షెడ్డు నడిపేవాడు. కుర్చీని అక్కడ పెట్టి వచ్చాను. పద్ధతి గలవాణ్ని కదా, గురువారం రైలు దగ్గర తొందరలో మర్చిపోతానేమోనని, ధనుష్కోడి రేవు అని పెద్ద అక్షరాలతో చీటీ రాసి, ముందే దాని చెయ్యికి కట్టాను కూడా.

గురువారం పొద్దున వెళ్తే షెడ్డులో కుర్చీ పెట్టిన చోట ఒక మిరపకాయల బస్తా ఉంది.

"మీ కుర్సీనా? మంగళారం పొద్దుమూకినంక లారీ పోతాంటె ఎక్కిచ్చిన" అన్నాడు నా దోస్తు, ముఖమంతా వెలిగిపోతూ. "చీటి మీద ధనుష్కోడి అని ఉండె. మద్రాసు దాక మావోళ్లు, ఆడికెంచి ఇంకొకలు. నీ సామాను గద, కిరాయి గూడ అడగలే!"

ఆఫీసుకు పరుగెత్తాను. యజమాని పంచాంగం మూసి, "ముహూర్తమైతె తప్పలే" అన్నాడు. పెద్ద గుమాస్తా కళ్లద్దాలు తుడుచుకుంటూ, "కుర్చీకి తప్పలే. మనిషే ఈడ మిగిలిండు" అన్నాడు. ఇద్దరూ నావైపు చూశారు. రైలుకు మూడు గంటల సమయం ఉంది.

క్వార్టరుకు వెళ్లి చెప్పాను. అక్క చేతిలో సర్దుతున్న చీర అట్లాగే ఉండిపోయింది. తర్వాత తిట్టింది. "మా బాపును ఏమనుకున్నవ్? మూటనా? ఒక్కసారన్న ఆయన్ను అడిగి చేసినవా ఏదన్న?" అంది. ఇన్ని కార్డులు రాశాను, ఎక్కడెక్కడివాళ్లనో అడిగాను. మంచంలో ఉన్న మనిషిని ఏమీ అడగలేదు. సిగ్గుతో తలెత్తలేకపోయాను. నిజం చెప్పొద్దూ, అక్కడే ఏడ్చేశాను.

మేస్త్రీ మంచంలోంచి నన్ను కిందికీ మీదికీ చూశాడు, పనికొచ్చిన కొత్త కూలీని చూసినట్టు.

"తట్ట మోసినవా ఎన్నడన్న?"

"లేదు."

"ఇయ్యాల మోస్తవ్. ఇటు రా. వంగు."

అట్లా ఎక్కాడు నా వీపు మీదికి. కాళ్లు పోయిన మనిషి తేలిగ్గా ఉంటాడనుకున్నాను. చేతులు, ఛాతీ ఎద్దుకున్నట్టున్నాయి. స్టేషను చేరేసరికి నా నడుము రెండు ముక్కలైంది. ఆయన మాత్రం పైనుంచి పనిచెప్తూనే ఉన్నాడు. "నడుముతోని లేవకు, తొడలతోని లెవ్వు. ఊపిరి పట్టకు, ఇడువు. అడుగు చిన్నగెయ్యి." మధ్యాహ్నానికి నాకు కోపం వచ్చింది. మర్నాటికి ఆయన చెప్పినట్టు చేస్తే నొప్పి తక్కువని తెలిసింది.

ఇంకొకటి కూడా తెలిసింది. నా నోటుబుక్కు అంతా తప్పు. పదకొండు మెట్లని రాసిన సత్రంలో పద్నాలుగు సార్లు కాలెత్తాను. ఎందుకని చూస్తే, నాకు కార్డు రాసిన పుణ్యాత్ముల్లో ఒక్కడూ గడపను మెట్టుగా లెక్కపెట్టలేదు. గడప గడపే, మెట్టు మెట్టే కదా మనకు! మోసేవాడికి రెండూ ఒకటే. కుర్చీకైతే గడపే ఎక్కువ కష్టం. నేను మెట్టుకు మెట్టు అడిగి తెలుసుకుని, ప్రతి గడప దగ్గరా బోల్తా పడి ఉండేవాణ్ని.

మద్రాసు స్టేషనులో ఒక ముసలమ్మ మమ్మల్ని చూసి ముచ్చటపడి, "మీ అబ్బాయా నాయనా?" అని ఆయన్ను అడిగింది. "కాదమ్మా, నా కుర్సీ" అన్నాడు మేస్త్రీ. అక్క మూడు రోజుల్లో మొదటిసారి నవ్వింది.

ధనుష్కోడి రేవులో డాక్టరు కాగితాలు చూస్తున్నాడు. మనిషి మంచివాడు, తెలుగు బాగా వచ్చు. ఆయన ముందు మా గుమాస్తా రాసిన ఉత్తరం ఉంది.

"చక్రాల కుర్చీ అని రాశారు. కుర్చీ ఏదీ?"

"ముందే పోయింది సార్."

"ఎక్కడికి?"

"ఇక్కడికే."

"వచ్చిందా?"

"లేదు సార్."

"మనిషి కంటే ముందు కుర్చీ ఎందుకు బయల్దేరింది?"

వారశూల గురించి చెప్పాను. ఆయన మీసం కింద నవ్వు దాచుకోవడం కనిపించింది. కానీ ఉత్తరం కింద పెట్టి తల అడ్డంగా ఊపాడు. "ఎవరి సాయం అక్కరలేదని మీరే రాశారు. అవతలి ఒడ్డున వాళ్లు ఇదే అడుగుతారు. కుర్చీ దొరికాక రండి, ఇంకో ఓడకు పంపిస్తాను." అక్క తను నర్సునని, తనదే బాధ్యతని చెప్పింది. "బాధ్యత కాగితం మీద బాగానే ఉంటుందమ్మా. అదిగో ఆ పలక మీద?" అన్నాడాయన.

ఒడ్డు నుంచి ఓడలోకి ఒక చెక్క పలక వేసి ఉంది, అటూ ఇటూ తాడు. ఇంకో ఓడ అంటే ఇంకో వీసా, ఇంకో సెలవు. అక్కకు రెండూ లేవు. ఆమె ముఖం చూడలేక నేల చూస్తున్నాను. నా వీపు మీద ఉన్న మనిషి ఆ పలకను చూస్తున్నాడు.

"డాక్టరు సాబ్" అన్నాడు, "గా పలక వెడల్పు జూడుండ్రి. కుర్సీ ఉన్నా దాని మీద పట్టది. మీరు కుర్సీ కోసం ఆపుతుండ్రు, కుర్సీ ఉంటె గిప్పుడు ఈడ్నే ఇరుక్కుంటుంటిమి. ఈ పోరడైతె నడుస్తడు. ఈడు నన్ను ఓడెక్కిస్తె ముద్ర కొట్టుండ్రి. పడేస్తె ఎన్కకు తోలుండ్రి."

డాక్టరు పలకను చూశాడు, మమ్మల్ని చూశాడు. మెట్లన్నీ లెక్కపెట్టినవాడిని, ఈ పలక వెడల్పు ఎంతని ఎవరినీ అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. "సరే, పొమ్మను. చూస్తాను" అన్నాడు డాక్టరు.

అప్పటిదాకా నేను టికెట్లు కోసినవాణ్నే గానీ ఓడ ఎక్కినవాణ్ని కాదు. ఈత రాదు. నాలుగడుగులు వేశాక కింద నీళ్లు కదిలాయి, ఓడ కదిలింది, పలక కదిలింది. నేను ఆగిపోయాను.

"నాతోని గాదు మేస్త్రీ" అన్నాను.

"గట్లనే అనిపిస్తది. తట్ట నెత్తిన పెట్టినంక ఎవనికైన గట్లనే అనిపిస్తది" అని నా కళ్ల ముందు తన చెయ్యి చాపాడు. వేళ్లు ముందుకు చూపిస్తున్నాయి. "నీళ్లు జూడకు, నా చెయ్యి జూడు. దించనీకి ఈడ జాగ లేదు కొడకా. నడువు."

నాకు సముద్రమంటే భయం, ఆయనంటే ప్రేమ, నా మీద నాకే అసహ్యం, మూడూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఆ చెయ్యినే చూస్తూ నడిచాను. ఓడలో దించి వెనక్కి తిరిగితే డాక్టరు ముద్ర కొడుతున్నాడు. "మరి కుర్చీ వస్తే ఏం చేయమంటారు?" అని అరిచాడు.

"కూసోమనుండ్రి!" అని అరిచాడు మేస్త్రీ.

కుర్చీ సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, లేకపోతే చివరిదాకా అదే అడుగుతారు. మేం తిరిగొచ్చేసరికి అది ధనుష్కోడి షెడ్డులో ఉంది. ఒక కావలివాడు అందులో కూర్చుని మధ్యాహ్నం అన్నం తింటున్నాడు. తిని చెయ్యి కడుక్కునేదాకా ఆగి తెచ్చుకున్నాం.

సింహళంలో దిగిన మర్నాడు, మిగతా యాత్రికులను గుళ్లు చూడ్డానికి పంపి, మేం ముగ్గురం చెరువు కట్ట మీదికి వెళ్లాం. చెరువు ఎంత పెద్దదంటే, అవతలి ఒడ్డు కనబడలేదు. కట్ట మాత్రం రోడ్డంత చదునుగా, విశాలంగా ఉంది. మెట్టు లేదు, గడప లేదు. మేం వెళ్లిన అన్ని చోట్లలో కుర్చీ హాయిగా తిరిగే చోటు అదొక్కటే, అక్కడికి కుర్చీ తేలేకపోయినవాణ్ని నేను. ఆ మాటే అని క్షమించమన్నాను.

"కుర్సీ ఉంటె నన్ను గీ రోడ్డు మీద తిప్పి తీస్కపోతుంటివి. కట్ట చూడాల్నంటె వాలుల కూసోవాలె. దింపు ఆడ" అన్నాడు.

నీళ్లవైపు వాలులో దింపాను. ఆయన అరచేతుల మీద జరుగుతూ కొంచెం కిందికి పోయాడు. రాళ్ల మధ్య మట్టి తీసి ఉమ్మి తడిపి, వేళ్ల మధ్య నలిపాడు, వాసన చూశాడు. తూమువైపు చూశాడు. నాకు ఆత్రం ఎక్కువ కదా, "ఎందుకు తెగలేదు మేస్త్రీ?" అన్నాను.

కొంచెం దూరంలో వానకు కోసుకుపోయిన చోట పదిమంది ఆడా మగా మట్టి పోస్తున్నారు. కింది నుంచి మీదికి వరసగా నిలబడి, తట్టలు చేతులు మార్చుకుంటూ అందిస్తున్నారు. మేస్త్రీ వాళ్లనే చూస్తున్నాడు.

"నేను రాజుల కాలం మట్టి చూస్తననుకున్న" అన్నాడు. "ఈడ నిన్నటి మట్టి ఉన్నది, పోయినేటి మట్టి ఉన్నది. వెయ్యేండ్ల కాంచి ఎవడో ఒకడు పోస్తనే ఉన్నడు. గందుకే తెగలే. మేం పోసి, కూలి తీస్కొని పోతుంటిమి. మళ్ల ఎవ్వడు చూసిండు?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. అరచేతుల మీద జరుగుతూ ఆ వరసవైపు పోవడం మొదలుపెట్టాడు. అక్క నావైపు చూసింది. మోయడానికి లేవబోతే వద్దని చెయ్యూపాడు.

వరసలో ఒకామె చాలా కింద, ఆమె తర్వాతివాడు చాలా మీద ఉన్నారు. మీదివాడు తట్ట అందుకోవడానికి ప్రతిసారీ వంగి లేస్తున్నాడు. మేస్త్రీ ఆ ఇద్దరి మధ్యకు పోయి వాలులో కూర్చుని, తెలుగులోనే "ఇటియ్యి" అని చేతులు చాపాడు. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఏదో అని నవ్వారు. కింద ఉన్నామె తట్ట ఎత్తి ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన నడుము తిప్పకుండా భుజాలతోనే దాన్ని మీదికి అందించాడు. రెండోది వచ్చింది. మూడోది వచ్చేసరికి వాళ్లు నవ్వడం మానేశారు, వరస వేగం పెరిగింది. కాళ్లతో పని లేని చోటు అది. నాలుగేళ్ల నుంచి అందరూ ఆయన్ను మోయాలనే చూశారు గానీ, ఆయన చేతికి ఏదైనా ఇవ్వాలని ఎవరికీ తోచలేదు.

పొద్దు పడమటికి వాలింది. కట్ట చివర మా బస్సు వచ్చి ఆగి, హారను కొట్టింది. మర్నాటి దాకా ఇంకో బస్సు లేదు.

"బాపూ, బస్సొచ్చింది. పోదామా?" అని పిలిచింది అక్క.

ఆయన వెనక్కి చూడలేదు. "జరాగు బిడ్డా, ఇంకో తట్టొస్తాంది" అన్నాడు.

బస్సువాడు మళ్లీ హారను కొట్టాడు. నేను చెప్పులు విప్పి పక్కన పెట్టి, వరసలో ఆయన కింద నిలబడ్డాను. ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో తెలిసి తెలిసి నేను పోనిచ్చిన బస్సు అదొక్కటే.